ఉప్పు లేని కంచం

ఆల్బన్ బెదో చేతిపనికి గ్రెనడా మొత్తంలో వంక పెట్టినవాడు లేడు. ఆయన మనసు మాత్రం పొద్దస్తమానం ఏదో ఒక వంక వెతుక్కుంటూనే ఉండేది. విక్టోరియా ఊళ్ళో రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద సమాధి రాళ్ళు చేసేవాడు. సిమెంటు పోత పోసి, పైన పాలరాతి పలుకులు అద్ది, అద్దంలా నున్నగా తీసి, దాని మీద పేరు చెక్కేవాడు. ఒక్కో అక్షరం చెక్కే ముందు పెదాలు కదుపుతూ చదువుకునేవాడు, చెక్కాక మళ్ళీ చదివేవాడు, భోజనం మధ్యలో లేచి వెళ్ళి ఇంకోసారి చూసొచ్చేవాడు. "ఆ పేరేమన్నా లేచి పారిపోతుందా? పోయినాయనకే లేని తొందర నీకెందుకయ్యా?" అని పెళ్ళాం క్లారిస్ దెప్పేది. వాన పడితే రాయి ఆరదని దిగులు, ఎండ కాస్తే పగులుతుందని దిగులు. ఏ దిగులూ లేని రోజు వస్తే, ఏదో ముఖ్యమైన పని మర్చిపోయుంటానని దిగులు.

అలాంటి మనిషి సముద్రం దాటి పనికి వెళ్ళింది జీవితంలో ఒక్కసారే. చిన్నతనంలో తండ్రి చేపల వేటకి పడవ వేసుకుని వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ నీళ్ళు కనబడే కిటికీ ఉంటే దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. కారియకూ దీవి వాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా, రాయి పంపిస్తాను, మీరే నిలబెట్టుకోండి అనేవాడు. థియోనా కఫీ దగ్గర మాత్రం ఆ మాట సాగలేదు.

ఆమె పోస్టాఫీసు ఫోనులో ఏడ్చింది. "మేస్త్రీ, మా అమ్మ ఇలీన్ పోయి ఏళ్ళు గడిచాయి. ఇంతవరకూ రాయి పెట్టలేకపోయాను. ఇప్పుడు కలలోకి వస్తోంది. గడప బయటే నిలబడి 'ఆకలేస్తోంది థియో' అంటుంది. రా అమ్మా లోపలికి అంటే రాదు. నాకు కన్ను మూతపడాలంటే భయంగా ఉంది. రాయి పెట్టి, విందు చేసి, పెద్దల కంచం పెట్టాలని అందరూ అంటున్నారు. నువ్వే వచ్చి నీ చేత్తో నిలబెట్టాలి. నా ప్రాణం నీ చేతిలో ఉందనుకో."

ఎదుటివాళ్ళ ఏడుపు వింటే ఆల్బన్‌కి కాళ్ళు నిలవవు. సరేనన్నాడు. అన్న మరుక్షణం నుంచీ తిండి సయించలేదు.

వెళ్ళే రోజు పొద్దున్నే, ఖాళీ కడుపుతో సరుకుల పడవ ఎక్కాడు. రాతిని గోనెసంచుల్లో చుట్టి, పాత పరుపు మీద పడుకోబెట్టి, పక్కనే కూలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు. దారి మధ్యలో నీళ్ళ అడుగున అగ్నిపర్వతం ఉంది, అక్కడ అలలు ఎప్పుడూ ఎదురుబొదురుగా కొట్టుకుంటాయి. క్లారిస్ ఒక నిమ్మకాయ, కాగితంలో పొట్లం కట్టిన ఉప్పు జేబులో పెట్టి, "కడుపులో తిప్పితే నిమ్మచెక్క ఉప్పులో అద్ది చీకు" అని పంపింది. నిమ్మచెక్క నోటిదాకా వచ్చేలోపే ఆల్బన్ పడవ అంచు మీదకి వంగిపోయాడు. పడవవాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది. "మేస్త్రీ, ఆ రాయి మీద కింద కాస్త ఖాళీ ఉంచావా? నీ పేరు కూడా పట్టేస్తుంది!" అని ఒకడు అరిచాడు. ఆల్బన్ నవ్వలేదు. ఖాళీ ఉందో లేదో గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాడు.

హిల్స్‌బరో రేవులో థియోనా ఊరు లెస్టేర్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు రాతిని లారీలోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఆల్బన్ మాత్రం కాళ్ళ కింద నేల ఊగడం ఆగేదాకా రేవు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. థియోనా ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పెరటి నిండా పొగ. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద అండాలు ఉడుకుతున్నాయి. థియోనా వదిన వరస అయిన మార్వా చెక్క తెడ్డుతో మొక్కజొన్న పిండి కెలుకుతూ, చెమట తుడుచుకుంటూ, అందరినీ తిడుతోంది. ఆ వాసనకి ఆల్బన్ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని గుర్తు తెచ్చుకున్నాడు.

థియోనా ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి, తెల్లబట్టలు కట్టింది, కళ్ళ కింద నల్లటి చారలు. "వచ్చావా మేస్త్రీ! ఏమిటా మొహం, నువ్వే సమాధిలోంచి లేచొచ్చినట్టున్నావు. రాయి అమ్మ గదిలో మంచం మీద పడుకోబెట్టాం. బల్ల మీద నీకు తిండి పెట్టించాను. ముందు తిను, తర్వాతే పని" అంటుండగానే ఎవరో పిలిస్తే పరిగెత్తింది.

ఆల్బన్ ముందు తినే రకమా? రాయి ఎలా ఉందోనని గదిలోకి వెళ్ళాడు. దుప్పటి తీసి చూశాడు. పగుళ్ళు లేవు. పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాడు. తప్పులూ లేవు. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. వెనక్కి తిరిగేసరికి కిటికీ దగ్గర బల్ల కనబడింది.

తెల్లటి గుడ్డ పరిచిన బల్ల. పింగాణీ గిన్నెలు, వాటి మీద బోర్లించిన పళ్ళేలు. ఒక గ్లాసు నీళ్ళు, చిన్న గ్లాసులో రమ్ము, వెలుగుతున్న కొవ్వొత్తి. ఒక్క మనిషికి వేసిన కుర్చీ. ఆల్బన్ సిగ్గుపడిపోయాడు. సిమెంటు పనివాడికి ఇంత మర్యాదా! పని మొదలుపెట్టే ముందు రాతి పక్కన కూర్చోబెట్టి మేస్త్రీకి పెట్టడం ఇక్కడి పద్ధతి కాబోలు అనుకున్నాడు. విక్టోరియాలో ఇలాంటివన్నీ తాతల కాలంలోనే పోయాయి. కొత్త చోట పద్ధతి తెలియకపోతే నలుగురూ నవ్వుతారన్న భయంతో ఎవరినీ అడగలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

మొక్కజొన్న పిండితో చేసిన కూకూ ఉండలు నున్నగా, పచ్చగా, వెన్న రాసి ఉన్నాయి. లాంబీ శంఖు మాంసం పులుసు చిక్కగా ఉంది. బొగ్గుల మీద కాల్చిన కోడి, పచ్చి కందులు వేసి వండిన అన్నం, చిలగడదుంపలు. ఆల్బన్ కూకూ తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. చప్పన. కోడి కొరికాడు. చప్పన. అన్నమూ అంతే. ఉప్పు పేరుకైనా లేదు. అయినా ఆకలి ఆకలే గనక సగానికి పైగా లాగించేశాడు. కారం ఉంది, మసాలా ఉంది, మాంసం వేలితో నొక్కితే విడిపోతోంది. ఒక్క ఉప్పు పడితే గవర్నరుకి పెట్టొచ్చు ఆ భోజనం.

కడుపు నిండగానే కొత్త దిగులు పట్టుకుంది. పాపం, ఈ హడావుడిలో ఆ వంటావిడ ఉప్పు మర్చిపోయింది. ఈ గిన్నెల్లో మిగిలింది తర్వాత ఇంట్లోవాళ్ళు తింటారు. ఆ మనిషి పరువేం కావాలి? థియోనా ఏడుస్తుంది. మొహం మీద చెబితే ఆవిడ నొచ్చుకుంటుంది, చెప్పకపోతే అందరి ముందూ అవమానం. ఆల్బన్ జేబులోంచి ఉప్పు పొట్లం తీశాడు. ఒక్కో గిన్నెలోనూ చల్లి, చెంచాతో కలిపి, రుచి చూసి, ఇంకాస్త చల్లి, మళ్ళీ పళ్ళేలు బోర్లించి, గుడ్డ ముడతలు సరిచేశాడు. ఎవరికీ తెలియకుండా ఒక ఆడమనిషి పరువు నిలబెట్టానని లోలోపల మురిసిపోయాడు. ఆయన జీవితంలో దిగులు లేకుండా గడిచిన క్షణాలు బహుశా అవే.

వరండాలోకి రాగానే మార్వా తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన చిన్న బల్ల. దాని మీద మూత పెట్టిన కంచం, మిరపకాయల సీసా.

"ఏం మేస్త్రీ, ఇందాకట్నుంచీ నీ తిండి మీద ఈగలు తోలుతున్నాను. మా చేతి వంట నచ్చదా ఏం, గ్రెనడా దొరగారికి?"

ఆల్బన్ కంచం మూత ఎత్తి చూశాడు. "ఇది... ఇది నాదా?"

"కాకపోతే మేకదా?"

"తర్వాత... తర్వాత తింటానమ్మా. పడవ ప్రయాణం, ఇంకా తిప్పుతోంది."

మరి లోపలిది ఎవరిది? ఫాదరుగారి కోసం పెట్టారేమో. ఫాదరుగారి భోజనం తినేశానా? ఆయన్ని ఏమని క్షమాపణ అడగాలో మాటలు కూర్చుకుంటూ ఉండగానే డప్పులు మొదలయ్యాయి. నలుగురు లోపలికొచ్చి రాతిని ఎత్తారు. అందరూ బయటికి వచ్చాక ఇలీన్‌కి అక్క, అందరూ టాంటీ అంటే పెద్దమ్మా అని పిలిచే ఎస్టీన్, ఎండిన చేపలా బిగుసుకుపోయిన ముసలావిడ, బల్ల వైపు చూడకుండా వెనక్కి వెనక్కి నడిచొచ్చి, తలుపు లాగి తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకుంది.

పెరటి వెనకే సమాధి. ఆల్బన్ సిమెంటు కలిపి, రాతిని నిలబెట్టి, నిలువు సరిచూసుకుంటున్నాడు. పనిలో పడితే చెయ్యి వణకదు. థియోనా ముందుకొచ్చి నేల మీద నీళ్ళు చల్లింది, తర్వాత రమ్ము చల్లింది. రాతిని చూస్తూ తల్లితో మాట్లాడింది.

"అమ్మా, నీ రాయి పెట్టించాను. నీ గదిలో నీ కంచం పెట్టాను. పెద్దలకి పెట్టినట్టే పెట్టాను, ఉప్పురాయి తగలకుండా వండించాను, ఎవరి ఎంగిలీ పడనివ్వలేదు. ఇంక బయట నిలబడకు. వెళ్ళి కడుపునిండా తిను."

ఆల్బన్ చేతిలో తాపీ కింద పడింది.

"ఏమైంది మేస్త్రీ?"

"జారింది" అన్నాడు. వంగి తాపీ తీసుకున్నాడు. చచ్చిపోయిన మనిషి కంచంలో, ఆవిడ రాకముందే, కూర్చుని భోంచేశాడు. అది చాలనట్టు మిగిలినదాంట్లో ఉప్పు కలిపాడు.

చెప్పెయ్యాలనుకున్నాడు. చెయ్యి కడుక్కుని థియోనా దగ్గరికి వెళ్ళాడు. "మిస్ థియోనా, ఒక్క మాట..." అన్నాడో లేదో ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఈ రోజు నిద్ర పడుతుంది మేస్త్రీ. నిజంగా పడుతుందనిపిస్తోంది. నీ రుణం తీర్చుకోలేను" అంది.

టాంటీ ఎస్టీన్‌తో చెబుదామని వెళ్ళాడు. "టాంటీ, ఆ గదిలో..."

"ఆ గది ఊసెత్తకు అబ్బాయ్. పెద్దలు తింటున్నప్పుడు అటు చూడను కూడా కూడదు."

"అది కాదు టాంటీ, ఒకవేళ... మాటవరసకి... పొరపాటున ఉప్పు తగిలిందనుకో..."

ముసలావిడ చురుక్కున చూసింది. "ఉప్పు తగిలితే వాళ్ళు గడప దాటి రాలేరు. దాటినవాళ్ళు తిరిగి పోలేరు. మా మేనమామ ఇంట్లో ఒకసారి తగిలింది."

"ఏమైంది?"

"ఏమవుతుంది? ఆ ఇంట్లో ఇప్పుడు మేకలు కట్టేస్తున్నారు."

ఆల్బన్‌కి ఇంకేం అడగాలనిపించలేదు. మళ్ళీ తెల్లారితే గానీ పడవ లేదు. ఉన్నా, ఆ పడవలో తనొక్కడే వెళ్తాడన్న నమ్మకం ఆయనకి లేదు. మార్వా పెట్టిన కంచం ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. ఉప్పూ కారం అన్నీ సరిగ్గా పడిన భోజనం అది, ఒక్క ముద్ద దిగలేదు. తన తండ్రికి రాయీ లేదు, కంచమూ లేదు. నీళ్ళల్లో ఎక్కడ నిలబడి ఆకలంటున్నాడో తెలియదు. ఈ ఒక్క తల్లికి కూతురు కడుపు కట్టుకుని పెట్టిన కంచం తన చేతిమీదుగా పాడయింది. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి ఏడుపొచ్చింది.

పొద్దు గూకే వేళకి టాంటీ ఎస్టీన్ తాళం తీసింది. గది నిండా జనం. ఆల్బన్ గోడకి అతుక్కుని నిలబడ్డాడు. థియోనా ఒక్కో పళ్ళెం ఎత్తింది. కూకూ ఉండలు సగం లేవు. కోడి ఎముకలు పక్కన పెట్టి ఉన్నాయి. పులుసు గిన్నె అడుగు కనబడుతోంది.

"తింది!" అని కేక పెట్టింది థియోనా. "టాంటీ, చూడు, అమ్మ తింది!"

ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. ఎవరో పాట అందుకున్నారు. ఆల్బన్‌కి ప్రాణం లేచొచ్చింది. దేవుడా, ఇలాగే పోనీ. నోరు మూసుకుని ఇంటికి పోతాను, ఈ సంగతి క్లారిస్‌కి కూడా చెప్పను అని మొక్కుకున్నాడు.

పెద్దలు వదిలింది మొదట తినేది ఇంటి కూతురే. థియోనా కూకూ తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపేసింది.

"ఉప్పు" అంది.

పాట ఆగిపోయింది. టాంటీ ఎస్టీన్ గబగబా వచ్చి ఒక మెతుకు నాలిక మీద వేసుకుని, తూ అని ఊసేసింది. "మార్వా! ఎక్కడ చచ్చావే? కళ్ళు నెత్తికెక్కాయా? పెద్దల కంచంలో ఉప్పు వేస్తావా?"

మార్వా మొహం పాలిపోయింది. "నా పిల్లల మీద ఒట్టు టాంటీ. ఈ వంట చేసినంతసేపూ ఉప్పు డబ్బా పెరట్లోకి కూడా రానివ్వలేదు."

"మరి ఉప్పు ఆకాశం నుంచి పడిందా? ఇలీన్ బతికుండగానే నీకు పడేది కాదు. పోయాక కూడా దాని నోటి దగ్గర కూడు లాగేశావు. ఇంట్లోంచి బయటికి నడు!"

మార్వా నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో నోరు నొక్కుకుని ఏడ్చేసింది. ఎవరూ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. ఇంతకుముందు ఆమెని కావలించుకున్నవాళ్ళే రెండడుగులు వెనక్కి జరిగారు.

"నేను" అన్నాడు ఆల్బన్.

ఎవరికీ వినబడలేదు. గోడ వదిలి ముందుకొచ్చాడు.

"ఆవిడ కాదు. నేను వేశాను. తిన్నది కూడా నేనే. బల్ల మీద తిండి పెట్టామంటే ఇదే అనుకున్నాను. నాకు తెలియదు. మా అమ్మ మీద ఒట్టు, నాకు తెలియదు. మీరు నన్ను కొట్టండి, ఏమైనా చెయ్యండి, ఆవిడనేం అనకండి."

టాంటీ ఎస్టీన్ జనాన్ని తోసుకుంటూ ఆల్బన్ మీదికి వచ్చింది. "పెద్దల కంటే ముందు నువ్వు తిన్నావా! సిమెంటు చేతులతో! ఒరే, ఎంగిలి చేసి, దానికి ఉప్పు కూడానా!"

"ఆగు టాంటీ" అంది థియోనా. ఆమె మొహంలో ఏముందో ఆల్బన్‌కి తెలియలేదు. "మేస్త్రీ, తిన్నావు సరే. ఉప్పెందుకు వేశావు?"

"చప్పగా ఉందమ్మా."

"ఏమన్నావు?"

"చప్పగా ఉంది" అన్నాడు ఆల్బన్, తల దించుకుని. "అంత మంచి వంట. ఒక్క చిటికెడు పడితే బాగుంటుందనిపించింది."

థియోనా కుర్చీలో కూలబడింది. ఎవరి వైపూ చూడకుండా అంది.

"అమ్మకి బీపీ. ఉప్పు ముట్టుకుంటే పోతుందన్నాడు డాక్టరు. డబ్బా తీసుకెళ్ళి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. రోజూ ఈ బల్ల దగ్గరే కూర్చునేది. ఇదే మాట. 'చప్పగా ఉంది థియో. ఒక్క చిటికెడు.' చిన్నపిల్లలా చెయ్యి చాపేది. నేను వెయ్యలేదు. నీ మంచికే కదా అని కసిరేదాన్ని. ఆఖరిరోజు కంచం అవతలికి తోసేసి అటు తిరిగి పడుకుంది. మళ్ళీ లేవలేదు. నేనే పంపించాను అమ్మని, ఆకలితో పంపించాను."

మార్వా ఏడుపు ఆగిపోయింది. టాంటీ ఎస్టీన్ అంచు మీద అంచు వేసి చేతిరుమాలు మడిచింది. ఇందాకటి బిగువు లేకుండా, "ఎంతైనా పెద్దలకి ఉప్పు పెట్టకూడదే అమ్మాయ్" అంది.

"పెద్దలకి వద్దులే టాంటీ. మా అమ్మకి కావాలి."

థియోనా లేచింది. మార్వా భుజం మీద చెయ్యి వేసి, "అండాలో ఇంకా ఉందా వదినా?" అని అడిగి, ఇద్దరూ వెళ్ళి కొత్త కంచంలో వేడి కూకూ, పులుసు పెట్టుకొచ్చారు. థియోనా చంకలో ఉప్పు డబ్బా ఉంది. కంచం బల్ల మీద పెట్టి, డబ్బా మూత తీసి, మూడు వేళ్ళతో ఉప్పు పట్టుకుని, చేతిలోనే ఉంచుకుని నిలబడింది. వేళ్ళు విడవడం లేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి విడిచింది.

చెంచాతో కలిపి, కాస్త తీసి ఆల్బన్ ముందు పెట్టింది. "చూడు మేస్త్రీ. సరిపోయిందా?"

ఆల్బన్ గదిలో అందరి మొహాలూ చూశాడు. సరిపోయింది అనేస్తే పోతుంది. చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నాలిక మీద అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని, అక్షరం సరిచూసుకున్నట్టు పెదాలు కదిపాడు.

"ఇంకొంచెం పడుతుందమ్మా" అన్నాడు.

థియోనా ఇంకో చిటికెడు వేసింది.